నాన్న ఆక్సీమీటర్‌లో ఒకసారి 90, ఒకసారి 98. దేన్ని నమ్మాలి?

కోనసీమ_కువైట్
జనవరి 17, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను కువైట్‌లో పని చేస్తున్నాను. అమ్మా నాన్నా అమలాపురం దగ్గర మా ఊళ్లోనే ఉంటారు. నాన్నకి 68. ముప్పై ఏళ్లు చుట్ట తాగారు, మానేసి ఆరేళ్లవుతోంది. మూడేళ్ల కిందట సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని తేల్చారు. రెండు పూటలా ఇన్‌హేలర్ పీలుస్తారు.

కరోనా టైములో, 2021లో కొన్న ఆక్సీమీటర్ (వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించేది) ఒకటి బీరువాలో పడి ఉండేది. పండగ ముందు నాన్నకి జలుబు చేసి ఆయాసం కాస్త ఎక్కువైతే అమ్మ దాన్ని బయటికి తీసి కొత్త సెల్స్ వేయించింది. ఇక అప్పట్నుంచి మా ఇంట్లో అదే పని. లేవగానే ఒకసారి, కాఫీ తాగాక ఒకసారి, స్నానానికి ముందు, తర్వాత, అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు. రోజుకి పదిహేనుసార్లకు తక్కువ ఉండదు. 90 కనిపిస్తే చాలు, నాకు ఫోను. ఇక్కడ డ్యూటీలో ఫోన్ ఎత్తడానికి లేదు. ఎత్తకపోతే అమ్మకి టెన్షన్, మిస్డ్ కాల్స్ చూస్తే నాకు టెన్షన్.

నా సందేహం ఇదీ. కూర్చున్నప్పుడు 90, 91, 92 ఇలా వస్తోంది. దొడ్లోంచి నడిచి వచ్చి అరుగు మీద కూలబడ్డాక చూస్తే మాత్రం 98 అంటోంది అమ్మ. అలా నాలుగైదుసార్లు వచ్చిందట. నడిస్తే ఊపిరితిత్తులు తెరుచుకుని ఆక్సిజన్ పెరుగుతుందని పక్కింటి మామయ్య చెప్పారట. అందుకని ఇప్పుడు అమ్మ నాన్నని పొద్దస్తమానం నడిపిస్తోంది, ఆయన ఆయాసపడుతూనే తిడుతున్నారు.

మిషన్ పాడైందా? కొత్తది కొనాలా? కొంటే ఎలాంటిది?

మందులకొట్టు_తెనాలి
జనవరి 17, రాత్రి 9:34

తొందరపడి కొనకండి బాబూ. మందుల షాపువాడే ఈ మాట అంటున్నాడంటే చూసుకోండి.

ముందు సెల్స్ పెట్టే చోటు చూడమనండి. ఇన్నేళ్లు పాత సెల్స్ లోపలే ఉండిపోతే కారిపోయి స్ప్రింగులకి చిలుం పడుతుంది. కొత్త సెల్స్ వేసినా చిలుం గీకకపోతే తెర మిణుకు మిణుకుమంటూ పిచ్చి అంకెలు చూపిస్తుంది. వేలు పెట్టే చోట లోపల చిన్న అద్దంలాంటి బిళ్ల ఉంటుంది, దాని మీద జిడ్డు, పౌడరు పేరుకుంటాయి. మెత్తటి గుడ్డకి కాస్త స్పిరిట్ అద్ది తుడవండి. తర్వాత ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు ముగ్గురి వేళ్లకి పెట్టండి. 96 నుంచి 99 మధ్య వచ్చి నిలబడితే మిషన్ బాగున్నట్టే.

2021 సరుకు అంటున్నారు కాబట్టి ఒక అనుమానం మాత్రం ఉంది. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఏడెనిమిది వందల వస్తువుని రెండు వేలకీ మూడు వేలకీ అమ్మారు. పెన్సిల్ పెట్టినా 98 చూపించే బొమ్మలూ వచ్చాయి. నా దగ్గరికీ ఒక పెట్టె తెచ్చారు, నా పెన్నుకే పల్స్ 72 వచ్చింది, వెనక్కి పంపేశాను. ఆ జులైలో కేంద్రం ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, బీపీ మిషన్, నెబ్యులైజర్, డిజిటల్ థర్మామీటర్ ఈ ఐదింటికీ వ్యాపారుల మార్జిన్ 70 శాతం దాటకూడదని కట్టడి పెట్టాక గానీ ధరలు దిగలేదు.

ఆదిలాబాద్_పోరడు
జనవరి 17, రాత్రి 9:51

అన్నా, చలి సంగతి కూడా చూడండి. మా దిక్కు జనవరిలో పొద్దుగాల చేతులు కట్టెలైపోతాయి. పోయిన ఏడాది మా నాయనమ్మకి ఉదయం ఆరింటికి పెడితే 84 చూపించింది. ఇంటిల్లిపాదీ పరేషాన్. ఆస్పత్రికి పోదామని ఆటో కూడా పిలిచాం. పక్కింటి ఆశా అక్క వచ్చి నాయనమ్మ చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దింది, వేడి చాయ్ గ్లాసు పట్టుకోమంది. ఐదు నిమిషాలాగి పెడితే 95. ఆటో ఆయనకి వంద ఇచ్చి పంపించాం.

సహజ_వైద్యం_99
జనవరి 17, రాత్రి 10:20

ఈ మిషన్లన్నీ భయపెట్టడానికే. కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో మూటకట్టి రోజూ వాసన పీల్చమనండి. గంటలో 90 నుంచి 97కి వస్తుంది. మా వాట్సాప్ గ్రూపులో ఎంతోమంది చెప్పారు.

వార్డు_అక్క
జనవరి 17, రాత్రి 10:42

పైన కర్పూరం మూట చెప్పిన అన్నగారికి: అది 2021 నుంచీ తిరుగుతున్న మెసేజే. కర్పూరం వాసనకి ముక్కులో చల్లగా తగిలి ఊపిరి ఆడినట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ అంగుళం కదలదు. సీఓపీడీ ఉన్న మనిషికి ఘాటైన వాసన పడక దగ్గు తెర పట్టుకుంటే ఇంకో బాధ. దయచేసి ఆ పెద్దాయన మీద ప్రయోగాలు వద్దు.

కోనసీమ తమ్ముడూ, నేను వరంగల్‌లో ఊపిరితిత్తుల వార్డులో నర్సుని, పద్నాలుగేళ్లుగా ఇదే పని. రీడింగ్ తీసే పద్ధతి అమ్మగారికి చెప్పు. నాన్నగారు కుర్చీలో వెనక్కి ఆని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు, టీవీలో సీరియల్ చూస్తూ ఆవేశపడకూడదు. చేతులు వెచ్చగా ఉండాలి. గోరింటాకు, గోళ్ల రంగు లేని వేలు, చూపుడు వేలు గానీ మధ్య వేలు గానీ, చివరిదాకా లోపలికి దూర్చాలి. చెయ్యి ఒళ్లో గానీ గుండె ఎత్తున దిండు మీద గానీ కదలకుండా ఉంచాలి. ఎండ నేరుగా పడే చోట వద్దు. బీపీ మిషన్ పట్టీ కట్టిన చేతికి అదే సమయంలో పెట్టొద్దు, గాలి నిండినప్పుడు రక్తం ఆగిపోయి అంకె పడిపోతుంది.

పెట్టగానే వచ్చిన అంకె పట్టించుకోవద్దు. నిమిషం ఆగితే ఒక అంకె దగ్గర నిలబడుతుంది, అది రాసుకోవాలి. పక్కన చిన్న గీతలో అల గానీ, పైకీ కిందికీ ఎగిరే పట్టీ గానీ కనిపిస్తుంది. అది లయగా కొట్టుకుంటుంటేనే ఆ అంకెకి విలువ.

అయితే నాకు మింగుడుపడనిది ఒకటుంది. సీఓపీడీ ఉన్న మనిషి, జలుబు మీద, దొడ్లోంచి ఆయాసపడుతూ నడిచొచ్చి 98? అలాంటివాళ్లని రోజూ చూస్తాను. నడిస్తే వాళ్లకి తగ్గుతుంది, పెరగదు. అమ్మగారు రీడింగ్ తీసేటప్పుడు ఎవరైనా పిల్లాడితో వీడియో తీయించి చూడు. అప్పటిదాకా నడిపించడం ఆపించు.

నిర్వాహకుడు
జనవరి 17, రాత్రి 11:05

కర్పూరం మూట మీద ఇంకో పదకొండు వ్యాఖ్యలు వచ్చాయి. తీసేశాను. దాని కోసం వేరే చర్చ పెట్టుకోండి, లేదా పెట్టుకోకండి.

లెక్కల_మాస్టారు
జనవరి 18, ఉదయం 5:55

రిటైరైన ఫిజిక్స్ మాస్టార్ని. తెల్లారకుండానే లేచే అలవాటు, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

ఆ క్లిప్పులో ఒక పక్క రెండు దీపాలుంటాయి. ఒకటి ఎర్రది, 660 నానోమీటర్లు. రెండోది కంటికి ఆనని పరారుణం, 940 దగ్గర. వేలికి అవతల వాటిని అందుకునే సెన్సర్. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ దింపేసిన హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎముక, కండ, చర్మం కూడా కాంతిని మింగుతాయి కదా, మరి వాటి లెక్క తీసేయడం ఎలా? గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో పొంగి తగ్గేది ధమని రక్తం. కాబట్టి కాంతిలో కొట్టుకుంటున్న భాగాన్ని పట్టుకుని మిగతాది వదిలేస్తే సరి.

ఈ కిటుకు పట్టినవాడు టకువో అవొయాగి, జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజనీరు, 1972లో. తమాషా ఏమిటంటే ఆయన కొలవబోయింది ఇది కాదు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో రంగు ఎక్కించి కాంతితో కొలుస్తుంటే ఈ నాడి అలలు అడ్డొచ్చాయి. వాటిని వదిలించుకోబోయి వాటితోనే పరికరం చేశాడు. 2020 ఏప్రిల్‌లో, లోకమంతా ఆ పరికరం కోసం ఎగబడుతున్న రోజుల్లోనే కన్నుమూశాడు.

తెనాలి మూర్తిగారి పరీక్షతో నాకు సగమే ఒప్పుదల. ఆరోగ్యవంతుడికి 98 చూపించినంత మాత్రాన జబ్బు మనిషికి 86ని 86గా చూపిస్తుందని హామీ లేదు. కింది అంకెల దగ్గరే ఈ మిషన్లు తడబడతాయి. అమెరికా ఎఫ్‌డీఏ చెప్పినదాని ప్రకారం వాళ్లు ఆమోదించిన ఆక్సీమీటర్ 90 చూపిస్తే రక్తంలో అసలు విలువ మామూలుగా 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇక 90కీ 91కీ తేడా వెతకడం బియ్యం తూచే కాటాలో బంగారం తూచినట్టే.

మన ఒంటి రంగు సంగతి కూడా ఉంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ డాక్టర్లు రాశారు: మిషన్ 92 నుంచి 96 చూపించిన రోగుల్లో, ధమని రక్తం తీసి చూస్తే అసలు విలువ 88 కన్నా తక్కువ తేలింది తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. ముదురు చర్మానికి మిషన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదం ఉందన్నమాట. మనలో చామనఛాయ, నలుపు ఎక్కువ కాబట్టి ఇది గుర్తుండాలి.

మందులకొట్టు_తెనాలి
జనవరి 18, ఉదయం 7:15

మాస్టారూ, నేను మూర్తినని మీకెలా తెలిసింది? సరే, ఒప్పుకున్నాను. మిషన్ చచ్చిందో బతికిందో చెప్పే పరీక్షే నాది, ఎంత కచ్చితమో చెప్పేది కాదు.

లెక్కల_మాస్టారు
జనవరి 18, ఉదయం 7:22

పోయిన నెల గ్లూకోమీటర్ చర్చలో మీరే సంతకం పెట్టారు.

నీలవేణి_77
జనవరి 18, మధ్యాహ్నం 1:40

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచి అనుకుంటున్నాను.

2021 మేలో మా అన్నయ్య ఒక్కడే గదిలో ఐసొలేషన్‌లో ఉన్నాడు. వదిన తలుపు బయట, నేను ఫోన్లో. రోజుకి నాలుగుసార్లు అడిగేదాన్ని, ‘ఎంతుంది అన్నయ్యా?’ అని. ‘97 ఉందే, ఏం భయం లేదు’ అనేవాడు. మాటల్లో ఆయాసం కూడా లేదు, కబుర్లు చెప్పేవాడు. మూడో రోజు సాయంత్రం వీడియో కాల్‌లో నేనే చూశాను. 97 పల్స్. దాని పైన ఉన్నది 81.

అక్కణ్ణుంచి బెడ్ దొరికేసరికి తెల్లవారింది. తొమ్మిది రోజులున్నాడు.

తమ్ముడూ, అంకె ఫోన్లో చెప్తే నమ్మకు. నీ కళ్లతో చూడు. వార్డు అక్క చెప్పినట్టు వీడియో ఇవాళే తీయించు.

వార్డు_అక్క
జనవరి 18, మధ్యాహ్నం 2:05

నీలవేణీ. ఆ రోజుల్లో మా వార్డుకీ అలా నవ్వుతూ నడిచొచ్చినవాళ్లున్నారు, ఆక్సిజన్ 75 ఉండగా. ఆయాసం తెలియకుండానే పడిపోయేది. మీ తప్పు గానీ ఆయన తప్పు గానీ ఏం లేదమ్మా.

కోనసీమ_కువైట్
జనవరి 18, రాత్రి 8:30

నీలవేణి అక్కా, మీరు రాసింది డ్యూటీ మధ్యలో చదివాను. ఇక ఆగలేక సూపర్‌వైజర్‌ని అడిగి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. మా బాబాయి కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, వాణ్ణి పంపి వీడియో తీయించాను.

మొదటి వీడియో: నాన్న కుర్చీలో, అమ్మ పక్కన కూర్చుని. 91, పల్స్ 84. బాగానే ఉంది.

రెండోది: నాన్న దొడ్లోంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మ ఆయనకి ఎదురుగా నిలబడి వేలికి పెట్టింది. ‘చూడు నాన్నా, 98, 96. రెండూ బాగున్నాయి’ అంటోంది. వాడు ఫోన్ దగ్గరికి తీసుకెళ్లాడు. నాకూ మొదట 98 లాగే కనిపించింది. పక్కనున్న ఇంగ్లీషు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

ఫోన్ తిప్పి చూశాను. 86.

పల్స్ 96 ఎటు నుంచి చూసినా 96 కదా. 86 మాత్రం అవతలి వైపు నుంచి 98. పక్కన కూర్చుంటే తెర సరిగా కనిపిస్తుంది, ఎదురుగా నిలబడితే తిరగబడుతుంది. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు మాత్రమే చదువుతుంది. పైగా కళ్లజోడు పెట్టుకోలేదు. అలా వచ్చిన ప్రతిసారీ సంతోషపడి ఇంకో రెండు చుట్లు నడిపించింది.

అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు. మిషన్ తిరగబడింది అని మాత్రం చెప్పాను. ఇప్పుడేం చేయాలి? ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) అద్దెకి ఇస్తారట, తెప్పించనా?

ఛాతీ_డాక్టర్
జనవరి 18, రాత్రి 9:20

కాన్సంట్రేటర్ ఇప్పుడే తెప్పించకండి. కారణం చెప్తాను.

నాన్నగారిని చూడకుండా మందు చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఈ వీడియోలు అర్థం చేసుకోవడానికి పనికొచ్చేంత వరకే రాస్తున్నాను.

సీఓపీడీ ఉన్నవాళ్లకి కూర్చున్నప్పుడు 90, 91 కొత్త సంగతి కాకపోవచ్చు. చాలామందికి అదే మామూలు అంకె. వాళ్లకి ఆక్సిజన్ పెట్టినప్పుడు కూడా మేము సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచడానికే చూస్తాం. కొంతమంది సీఓపీడీ రోగులకి ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుంటుంది. మనిషి మత్తుగా, మబ్బుగా అయిపోతాడు. అప్పుడు వేలి మీద అంకె 97, 98 ఉంటుంది, ఇంట్లోవాళ్లు హాయిగా నిద్రపోతున్నాడని అనుకుంటారు. ఆక్సీమీటర్ కార్బన్ డయాక్సైడ్‌ని చూడలేదు. దానికి మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్ష కావాలి. ఆక్సిజన్ కూడా మందే, ఎంత ఫ్లో, రోజుకి ఎన్ని గంటలు అనేది రాసివ్వాలి.

అసలు సమాచారం మీ రెండో వీడియోలో ఉంది. కూర్చుంటే 91, దొడ్డి నుంచి నడిచొస్తే 86. ఆ రెండు అంకెల మధ్య దూరమే నాకు కావలసింది. దాన్ని పట్టుకుని రేపో ఎల్లుండో ఆయన్ని చూస్తున్న ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి. ఆరు నిమిషాలు నడిపించి చూసే పరీక్ష ఆస్పత్రిలోనే, పక్కన మనిషి ఉండగా చేస్తారు. ఇంట్లో మళ్లీ చేయించకండి.

90 దగ్గర ఎందుకు ఇంత పట్టింపు అంటే, పైన 98 నుంచి 94కి దిగినా రక్తం మోసే ఆక్సిజన్‌లో పెద్ద తేడా రాదు. 90 దాటి కిందికి వచ్చాక ఏటవాలు. అక్కడ రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి కొంచెం తగ్గినా అంకె గబగబా పడిపోతుంది.

ఈ లోపు వీటిలో ఏది కనిపించినా అంకెతో పని లేకుండా 108కి ఫోన్ చేయమనండి: మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి రావడం, పెదవులు నీలంగా మారడం, పిలిస్తే సరిగా పలకకపోవడం, తికమకగా మాట్లాడటం, ఛాతీలో నొప్పి. కఫం రంగు మారి పచ్చగా, చిక్కగా వస్తే అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ఇంకొకటి, అమ్మగారికి పనికొచ్చేది. మిషన్ లేకుండా ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. ఆయనకి చెప్పకుండా, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో గోడ గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20. కదలకుండా కూర్చున్నా 24 దాటుతుంటే ఊరుకోకూడదు.

కోనసీమ_కువైట్
జనవరి 18, రాత్రి 9:48

డాక్టరు గారూ, చాలా థాంక్స్. ఎల్లుండి ఉదయానికి కాకినాడ అపాయింట్‌మెంట్ దొరికింది. బాబాయి కారు తీసుకుని వెళ్తున్నారు.

పద్మ_హైదరాబాద్
జనవరి 19, ఉదయం 10:12

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు 39. మూడో అంతస్తు ఎక్కితే గుండె దడ, ఆయాసం. ఆక్సీమీటర్‌లో మాత్రం ఎప్పుడు చూసినా 99. అంటే నాకేం లేనట్టేనా? మావారు ‘అంతా నీ భ్రమ’ అంటున్నారు.

ఛాతీ_డాక్టర్
జనవరి 19, ఉదయం 11:30

లేనట్టు కాదు. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెప్తుంది ఆ మిషన్, అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ఊరికి రెండే బస్సులున్నా రెండూ నిండుగా పోతుంటే 100 శాతం అంటుంది. సీబీపీ రక్త పరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్ చూడండి. అది బాగుంటే థైరాయిడ్, గుండె వైపు చూడాలి.

పద్మ_హైదరాబాద్
జనవరి 20, సాయంత్రం 6:45

హిమోగ్లోబిన్ 7.4 మాత్రమే. రిపోర్టు ఫ్రిజ్ మీద అతికించాను, మావారికి కనిపించేలా.

కొండలెక్కే_కిరణ్
జనవరి 20, రాత్రి 8:02

మేలో అమ్మానాన్నలతో కేదార్‌నాథ్ అనుకుంటున్నాం. ఆక్సీమీటర్ పట్టుకెళ్లాలా? చేతి వాచీలో కూడా వస్తుంది కదా, అది చాలా?

వార్డు_అక్క
జనవరి 20, రాత్రి 8:40

పట్టుకెళ్లండి, కానీ ఇంట్లో అంకెల్ని అక్కడ వెతకొద్దు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు. అక్కడ గాలే పల్చన, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ 90 కిందికి రావచ్చు. తలనొప్పి, వాంతులు, తూలుతూ నడవడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే అంకె ఎంతున్నా కిందికి దింపేయాలి. దర్శనం మళ్లీ చేసుకోవచ్చు. వాచీ వేలికి పెట్టే క్లిప్పులా కాంతిని అవతలికి పంపి చూడదు, మణికట్టు మీద పడి వెనక్కి వచ్చిన కాంతిని చూస్తుంది. కదిలితే, పట్టీ వదులైతే తప్పుతుంది. సరదాకి సరే. పెద్దవాళ్లు బయల్దేరే ముందు గుండె, బీపీ పరీక్షలు చేయించుకోవాలి.

ఆదిలాబాద్_పోరడు
జనవరి 20, రాత్రి 9:15

ఒక అనుమానం. మా దోస్తు ఇంట్లో బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకుని తలుపులు, కిటికీ మూసేసి స్నానం చేస్తూ పడిపోయాడు. బయటికి లాగాక వేలికి పెడితే 99 వచ్చిందట. మరి ఎందుకు పడిపోయినట్టు?

ఛాతీ_డాక్టర్
జనవరి 20, రాత్రి 10:05

కార్బన్ మోనాక్సైడ్. అది ఎక్కిన హిమోగ్లోబిన్ ఈ మిషన్ కంటికి ఆక్సిజన్ ఎక్కినదానిలాగే కనిపిస్తుంది. కాబట్టి మూసిన గదిలో గీజర్, బొగ్గుల కుంపటి, జనరేటర్ పొగ పీల్చి ఎవరైనా పడిపోతే 99 చూసి ఊరుకోవద్దు. గాలిలోకి తెచ్చి వెంటనే ఆస్పత్రికి. గ్యాస్ గీజర్ పెట్టాల్సింది బాత్రూం బయట.

కోనసీమ_కువైట్
జనవరి 27, రాత్రి 9:05

ఆలస్యమైంది, మన్నించండి. అందరూ అడుగుతున్నారని రాస్తున్నాను.

కాకినాడలో ఏబీజీ చేశారు, ఎక్స్‌రే తీశారు, నడిపించి చూశారు. నడకలో 85కి పడిపోయిందట. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉంది, ఐదు రోజుల మందులిచ్చారు. కూర్చున్నప్పటి ఆక్సిజన్‌ని బట్టి ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే మిషన్ పెట్టాల్సిన పని లేదు, నెల తర్వాత మళ్లీ చూసి చెప్తామన్నారు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు కూడా వేయించుకోమన్నారు.

అసలు నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి వేరే ఉంది. డాక్టరుగారు నాన్నని ఇన్‌హేలర్ పీల్చి చూపించమన్నారట. నాన్న నోరు తెరిచి, నొక్కి, ఆ తర్వాత తీరిగ్గా ఊపిరి పీల్చారు. మూడేళ్లుగా మందు నాలుక మీదే ఉండిపోతోంది, లోపలికి పోతున్నది అంతంత మాత్రం. ఇప్పుడు స్పేసర్ అని ప్లాస్టిక్ గొట్టం లాంటిది ఇచ్చారు. అందులోకి నొక్కి నెమ్మదిగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. నాన్న పది బదులు ‘ఓం నమశ్శివాయ’ రెండుసార్లు అనుకుంటున్నారట.

రీడింగులు రోజుకి రెండే, ఉదయం, సాయంత్రం. అమ్మ పాత డైరీలో రాస్తోంది. ఆక్సిజన్, నాడి, ఊపిరి లెక్క, మూడు గళ్లు. నిన్న సాయంత్రం 92, 82, 19. కూర్చున్నప్పుడు 88కి దిగి నిలబడితే ఫోన్ చేయమని డాక్టరుగారు చెప్పారు, ఆ 88 డైరీ అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసింది. అమ్మకి తలకిందుల సంగతి నాన్నే చెప్పేశారు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, ‘నేనే నడిపించి చంపేసేదాన్ని’ అంటూ. తర్వాత తనే ఒక ఉపాయం చేసింది. మిషన్‌కి ఒక పక్క ఎర్రటి బొట్టుబిళ్ల అతికించింది. బొట్టు తన వైపు ఉంటేనే చదువుతుంది.

వార్డు_అక్క
జనవరి 27, రాత్రి 9:30

అమ్మగారికి నా దండాలు చెప్పు. రేపు మా వార్డులో అన్నిటికీ బొట్టు పెడతాను. లోపల సెన్సర్ మీద మాత్రం అతికించొద్దని చెప్పు.

కోనసీమ_కువైట్
జనవరి 27, రాత్రి 9:41

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను అక్కా. పైనే ఉందట.